రాతికప్ప స్కానింగు

జూలై 1, శనివారం

నిద్ర పట్టడం లేదంటే డాక్టరమ్మ మాత్రలు రాయలేదు. పడుకునే ముందు మనసులో ఉన్నదంతా ఓ పుస్తకంలో రాసేయమంది. నా మనసులో ఏముంటుంది? ప్రస్తుతానికి ఒక కప్ప ఉంది. అది చచ్చిపోయి పన్నెండు కోట్ల ఏళ్ళయింది.

నా నిద్ర చెడగొట్టింది దాని చావు కాదు, ఎవరో అచ్చేసిన వ్యాసం. మా మ్యూజియంలో ఉన్న ఆ రాతిపలక ముందు సూది పట్టుకుని ఏళ్ళ తరబడి కూర్చున్నది నేను. వెంట్రుకంత ఎముకల్ని ఒక్కొక్కటే బయటికి తీసి, ఇలాంటి కప్పని లోకం ఇంతవరకూ ఎరగదు, ఇది ఒట్టి కొత్త జాతి కూడా కాదు, దానికి పై మెట్టు, కొత్త ప్రజాతి అని రుజువు చేసి, నోరు తిరగని పేరొకటి పెట్టింది కూడా నేనే. ఇప్పుడు వీళ్ళేమంటారంటే, దీని ఎముకల చివర్లు ఇంకా గట్టిపడలేదు కాబట్టి ఇది ఎదిగిన కప్పే కాదట. ఎప్పుడో తెలిసిన ఇంకో కప్ప తాలూకు పిల్లట! అదే నిజమైతే నా పేరు కొట్టివేత. ఒకసారి అంతరించిపోయిన దాన్ని వీళ్ళు రెండోసారి అంతరింపజేస్తారన్నమాట.

డైరెక్టరు గారు పిలిచి, "మీరు మనసుకి తీసుకోకండమ్మా" అన్నారు. నేనెందుకు తీసుకుంటాను? టిఫిన్ డబ్బా మూత పెట్టకుండా సంచిలో పడేసుకున్నాను, అంతే.

కప్ప నడుము భాగం ఇంకా రాయిలోనే ఉంది. అక్కడ సూది పెడితే పొడైపోతుంది. లోపల ఏముందో తెలియాలంటే స్కానింగు తీయాలి. మాకా యంత్రం లేదు. ఆదివారం పొద్దుటిపూట రోగులు ఉండరు కాబట్టి, పెద్దాసుపత్రి వాళ్ళు తీసిపెడతామన్నారట. రేపే వెళ్ళాలి.

జూలై 2, ఆదివారం

కప్పని మెత్తటి దుప్పట్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. పక్క సీటావిడ తొంగి చూడబోతూ "ఎన్నో నెలమ్మా?" అంది. "కాస్త పాతదేనండీ" అన్నాను. ఆవిడ కాస్త దూరంగా జరిగి కూర్చుంది.

స్కానింగు చేసేది ఒక్కాయనే. పొడుగు మనిషి, చెంపలు నెరిశాయి. దుప్పటి విప్పగానే ఆయన ఆశ్చర్యపోలేదు. "ఎక్కడ నొప్పి?" అని అడిగారు.

కంప్యూటరు పేచీ పెట్టింది. రోగి వివరాలు ఇవ్వందే యంత్రం కదలదట.

"పేరు?"

"కప్ప."

"ఇంటిపేరు?"

"రాయి అని వేయండి."

"వయసు?"

"పన్నెండు కోట్లు."

"రెండంకెలు దాటి తీసుకోదండీ ఇది." తొంభై తొమ్మిది అని కొట్టారు. "ఆడా, మగా?"

"తెలీదు."

"తెలీదంటే ఒప్పుకోదు."

"మీ ఇష్టం."

"మీతో వచ్చింది కాబట్టి ఆడ" అన్నారు.

కప్పని బల్ల మీద పెట్టి మేమిద్దరం అద్దం వెనక్కి వెళ్ళాం. యంత్రం తన మామూలు ధోరణిలో, "ఊపిరి బిగబట్టండి" అంది. "బిగబట్టే ఉందండీ పాపం, ఆనాటి నుంచీ" అన్నాను నేను. ఆయన నవ్వడం మొదలెట్టి, "ఊపిరి వదలండి" అని యంత్రం అనేదాకా ఆపలేకపోయారు.

జూలై 3

ఆ స్కానాయన నవ్వితే కళ్ళజోడు ముక్కు మీదికి జారుతుంది. దీనికీ కప్పకీ సంబంధం లేదు. రాసేయమన్నారు కాబట్టి రాశాను.

జూలై 5

బొమ్మలు బాగా రాలేదు. పొట్ట దగ్గర అంతా మసక. రాయికీ ఎముకకీ తేడా తెలియడం లేదు. మళ్ళీ తీయించాలి. ఆ మాట భోజనాల దగ్గర చెబితే అత్తయ్య కంచంలోంచి తలెత్తింది.

"మళ్ళీ ఆదివారమేనా?"

"అవునండీ. ఆదివారమే ఖాళీ."

"ఎవరికి?"

"యంత్రానికి."

"ఊఁ" అంది.

అత్తయ్య ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేసింది. లైను కలిపేటప్పుడు వినపడే ఒక్క "హలో"తో అవతలి ఇంట్లో పెళ్ళో, చావో, తగవో పట్టేసేదాన్నని ఇప్పటికీ గొప్పలు చెప్పుకుంటుంది. ఆవిడ కొడుకు, అదే మా ఆయన, పోయిన ఈ ఆరేళ్ళుగా ఈ రెండు గదుల ఇంట్లో ఆవిడకి వినడానికి మిగిలిన లైను నేనొక్కదాన్నే. అందుకే లేనిపోనివి వినపడుతుంటాయి.

జూలై 9

పొట్టలో ఏవో ఉన్నాయి!

ఈసారి కాస్త తేటగా వచ్చింది. వెన్నెముక పక్కన గుండ్రంగా, ఆవగింజల్లా, ఒకదాన్నొకటి ఆనుకుని. ముందు చూసింది ఆయనే. "మనుషులకైతే పిత్తాశయంలో రాళ్ళనేవాణ్ణి" అన్నారు. కప్ప కడుపులో గుండ్రటివి, ఒకే సైజువి. గుడ్లే అయితే అది తల్లి కాబోతున్న కప్ప. తల్లి కాబోయేది పిల్ల ఎలా అవుతుంది? చిన్న ఒళ్ళైనా, ఎముకలు లేతగా ఉన్నా, ఈడొచ్చిన కప్పే. నా ప్రజాతి నిలబడినట్టే.

కాని తొందరపడకూడదు. మింగిన నత్తలు కూడా అయ్యుండొచ్చు. ఇంకా స్పష్టంగా చూడాలి.

ఆయన చెయ్యి పట్టుకున్నాను. స్క్రీను మీద ఎక్కడ చూడాలో చూపించడానికే.

జూలై 10

గుడ్ల సంగతి చెప్పగానే అత్తయ్య గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"కడుపుతో ఉన్నదాన్ని ఆ యంత్రంలో పెట్టావా? బుద్ధుందా నీకు?"

ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఈ ఇంట్లో ఇలా నవ్వి చాలా కాలమైంది. నవ్వు ఆగాక ఆవిడ మెల్లిగా, "ఆయనకి పెళ్లాం ఉందా?" అంది.

"ఎవరికి?"

"కప్పకి" అని లేచి వెళ్ళిపోయింది.

జూలై 12

ఆదివారానికి నీలం చీర ఇస్త్రీ చేశాను. కాటన్ చీర కదా, ముందే చేసి పెట్టుకోవాలి.

జూలై 16

వరసగా రాస్తాను.

ఆయన ఈ వారమంతా కప్ప గురించే ఆలోచించాడట. చెవిలోపలి బుల్లి ఎముకల్ని చూడటానికి ఒక పద్ధతి ఉంటుందట, అలా తీసి చూద్దామన్నాడు. క్యాంటీన్ నుంచి రెండు టీలు తెచ్చి, నాది చల్లారకుండా పైన సాసరు బోర్లించి పెట్టాడు. తీస్తూ తీస్తూ తన సంగతులు చెప్పాడు. భార్యతో ఎప్పుడో విడాకులయ్యాయి. పిల్లల్లేరు. మందుల షాపు పైనున్న గదిలో అద్దెకుంటాడు. వంట వచ్చట, తినేవాళ్ళే లేరట.

అప్పుడు స్క్రీను మీద బొమ్మ తేలింది. వెన్నెముకకి ఇటొక గుత్తి, అటొక గుత్తి. కడుపు నిండుగా. నత్తలు కావు, ఏమీ కావు, గుడ్లు. అంత అందమైన బొమ్మని నేను జన్మలో చూడలేదు. నా కళ్ళు చెమర్చాయి. నేను చూసుకోలేదు, ఆయన చూశాడు.

"ఒకటడగనా? కప్ప లేకుండా కూడా ఆదివారాలు కలుసుకోవచ్చా మనం?" అన్నాడు.

నేను, "అత్తయ్య ఇంట్లో ఒక్కరే ఉంటారు" అన్నాను.

దుప్పటి సరిగ్గా చుట్టను కూడా లేదు. కప్పనెత్తుకుని వచ్చేశాను. బస్టాపు దాకా వచ్చాక గుర్తొచ్చింది, బొమ్మలన్నీ ఆయన కంప్యూటర్లోనే ఉండిపోయాయి.

జూలై 17

ఏమీ లేదు.

జూలై 19

ఇవాళ కూడా ఏమీ లేదు. మ్యూజియంలో ఫ్యాను చప్పుడు చేస్తోంది.

జూలై 21

డైరెక్టరు గారు బొమ్మలెక్కడ అన్నారు. వ్యాసం వాళ్ళకి జవాబు రాయడానికి పత్రికవాళ్ళు ఇచ్చిన గడువు దగ్గర పడుతోంది. ఆసుపత్రిలో రద్దీగా ఉందని చెప్పాను. ఫోను చేయమన్నారు. చేస్తానన్నాను. చేయలేదు.

నేను చేసింది సబబే. అత్తయ్యకి డెబ్బై నాలుగు. మోకాళ్ళ నొప్పులు. గ్యాసు కట్టేశానో లేదో అని రెండుసార్లు చూసుకుంటుంది. అలాంటి మనిషిని ఇంట్లో వదిలేసి నేను ఆదివారాలు షికార్లు తిరగాలా?

జూలై 23, ఆదివారం

పుస్తకాల అలమర సర్దాను. తర్వాత వంటింటి అలమర. తర్వాత మళ్ళీ పుస్తకాల అలమర.

"కప్పకి ఇవాళ సెలవా?" అంది అత్తయ్య.

"పని అయిపోయిందండీ."

"మరి బొమ్మలు?"

"పంపిస్తారు."

"ఎవరు?"

అట్టపెట్టె ఎత్తుకుని, వినపడనట్టు పక్క గదిలోకి వెళ్ళిపోయాను.

జూలై 26

ఇంటికొచ్చేసరికి తాళం! అత్తయ్య ఒక్కతే గుమ్మం దాటి ఎన్నాళ్ళయిందో. పక్కింటి వాళ్ళని అడిగితే, పొద్దున్నే చేతిసంచీతో బస్సెక్కిందన్నారు. మెట్ల మీద కూర్చున్నాను. మోకాలి నొప్పితో ఆ మెట్లెలా దిగింది? ఎక్కడికెళ్ళింది?

చీకటి పడకముందే వచ్చింది. చంకలో పొడుగాటి స్కానింగు కవరు.

"పెద్దాసుపత్రికి వెళ్ళొచ్చా. మోకాలికి స్కానింగు తీయించుకున్నా" అని కుర్చీలో కూలబడింది. నేను మంచినీళ్ళిచ్చాను. తాగి, ఇక మొదలెట్టింది.

"పడుకోబెట్టి కదలకూడదన్నాడు. నోరు కదపొచ్చా నాయనా అన్నాను. మోకాలికి నోటితో పనిలేదు, మాట్లాడండి అన్నాడు. అయితే మా కోడలికి నువ్వు ఏం చెప్పావో చెప్పమన్నాను."

"అత్తయ్యా!"

"పాపం, యంత్రం మీట బదులు కుర్చీ మీట నొక్కాడు. కిందికి దిగిపోయాడు." సంచిలోంచి కంప్యూటరుకి తగిలించే చిన్న డబ్బీ తీసి బల్ల మీద పెట్టింది. "ఇవిగో నీ గుడ్ల బొమ్మలు. అందులో ఎక్కించి ఇచ్చాడు. మంచివాడు. గొంతులో ఎక్కడా బొంకు లేదు."

నేను ఆ డబ్బీ ముట్టుకోలేదు. అప్పుడు ఆవిడ గొంతు మారింది.

"అత్తయ్య ఒక్కరే ఉంటారన్నావట. నిజమేనా?"

"నిజమే కదండీ."

"నా పేరెందుకు వాడుకున్నావే? ఇష్టం లేదను. భయమను. ఆయన ముక్కు బాగాలేదను. నన్ను అడ్డం పెట్టుకుంటావా? నేనేమన్నా గోడనా?"

"మీకు మోకాళ్ళు..."

"నా మోకాళ్ళు నావి. ఇవాళ బస్సెక్కి వెళ్ళొచ్చాయి, చూశావుగా!" ఊపిరి తీసుకుంది. "వాడు పోయాడు. నా కడుపున పుట్టినవాడు, పోయాడని నాకు తెలీదా? నువ్వు ఇంట్లో కాపలా కూర్చుంటే తిరిగొస్తాడా? నాకోసమని నువ్వు నీ బతుకు ఆపుకుంటే, ఆ బరువు నేను మోయాలి. నేను మోయలేను. మోకాళ్ళ సంగతి నువ్వే అన్నావుగా."

నాకు కోపమొచ్చింది. నా విషయాల్లో మీకెందుకన్నాను. ఇన్నేళ్ళలో ఆవిడతో ఎప్పుడూ అనని మాట. గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. రెండు గదుల ఇంట్లో తలుపేసుకుంటే అవతలి మనిషి గ్లాసు కింద పెట్టినా వినపడుతుంది. ఆవిడ చాలాసేపు గ్లాసు కింద పెట్టలేదు.

జూలై 27

ఇది రాయడం కష్టంగా ఉంది. రాస్తాను.

మా ఆయన పోయిన కొత్తలో అత్తయ్య తమ్ముడు వచ్చాడు, అక్కని తనింటికి తీసుకెళ్ళిపోతానని. పెట్టె కూడా సర్దించాడు. అత్తయ్య ఆ పెట్టె మీదే కూర్చుని, "నేను రానురా. ఇది పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోతుంది" అంది. అది నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే అప్పుడు నిజంగానే పాలు మాడుతున్నాయి. నేను వంటింట్లో నిలబడి వాటినే చూస్తున్నాను, కట్టేయాలని తోచకుండా.

కోడలు అత్తగారిని కంటికి రెప్పలా చూసుకుంటోందని అందరూ అంటారు. నేనూ అదే అనుకుంటూ వచ్చాను. ఆ ఆదివారం ఆసుపత్రి గదిలో ఆ మాట అన్నప్పుడు కూడా, ఆవిడ ఒక్కతీ ఏమైపోతుందోననే అనుకున్నాను. కాదు. ఈ ఇల్లు దాటితే ఆవిడ లేకుండా నేనేమైపోతానోనని నా భయం.

పొద్దున ఆవిడ టీ ఇచ్చింది. తీసుకున్నాను. "నిన్న అన్నదానికి..." అన్నాను. "పంచదార సరిపోయిందా?" అంది. సరిపోయిందన్నాను. అసలు వేయనే లేదు. ఇద్దరికీ తెలుసు.

జూలై 30, ఆదివారం

కప్ప లేకుండా ఆసుపత్రికి వెళ్ళాను. చేతులు ఊరికే ఉంటే ఏం చేయాలో తోచక సంచీని దుప్పటిలా ఎత్తుకున్నాను.

ఆయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు.

"బొమ్మలు అందాయా?"

"అందాయి."

"మోకాలెలా ఉంది?"

"మోకాలు బాగానే ఉంది. నేను ఒక మాట చెప్పిపోదామని వచ్చాను. మధ్యలో ఆపకండి, ఆపితే మళ్ళీ చెప్పలేను. నేను ఆ ఇల్లు వదిలి రాను. అత్తయ్యని వదిలి ఉండలేను. ఆవిడ కోసం కాదు, నాకోసం. అలాంటిదాన్ని. దీనికి మీరేమన్నా అనుకోవచ్చు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆవిడ చెప్పలేదా మీకు?"

"ఏమని?"

"నన్ను అడిగారండీ. స్కానింగు బల్ల మీద పడుకుని. మా కోడలు ఎక్కడికీ రాదు నాయనా, దాని సంగతి నాకు తెలుసు, నువ్వే రావాలి, ఇల్లరికం వస్తావా అన్నారు."

నాకు కిందా మీదా తెలియలేదు. కూతుళ్ళకి ఇల్లరికం తెచ్చుకున్నవాళ్ళని విన్నాను. కోడలికి ఇల్లరికం తెస్తానన్న అత్తగారిని ఎక్కడా వినలేదు.

"మీరేమన్నారు?"

"కదలకండమ్మా, బొమ్మ చెడిపోతుంది అన్నాను." కళ్ళజోడు పెట్టుకున్నాడు. "బొమ్మ తీశాక, వస్తానన్నాను. మీరు రమ్మంటేనే, అని కూడా అన్నాను."

టీ తాగాం. యంత్రం ఆపేసి ఉంది. బయట వాన పడుతోంది, ఆగేదాకా కూర్చుందామన్నాడు. ఆగాక కూడా కూర్చున్నాం.

ఆగస్టు 4

జవాబు రాసి పంపేశాం. నాలుగు బొమ్మలు, ఐదు పేజీలు. బొమ్మలు తీసినవారిగా ఆయన పేరు కూడా వేశాను. ఆయన చేసిన పనికి అది న్యాయమే. డైరెక్టరు గారు ఓసారి నన్నూ, ఓసారి ఆ పేరునూ చూసి, "మంచిది" అన్నారు. ఏది మంచిదో చెప్పలేదు.

ఆగస్టు 20

ఇంటికి భోజనానికి వచ్చాడు. కూర ఆయనే వండాడు. అత్తయ్య రెండోసారి వడ్డించుకుని, ఉప్పు తక్కువైందంది. తక్కువవలేదు.

సెప్టెంబరు 15

నిలబడింది! పత్రికవాళ్ళు మా జవాబు అచ్చేస్తున్నారు. పక్కనే ఆ వ్యాసం వాళ్ళ ఉత్తరం కూడా. బొమ్మలు చూశాక తమకిక సందేహం లేదనీ, ఇది ఈడొచ్చిన ఆడకప్పేననీ, ప్రజాతి వేరేననీ, ఇంత చక్కటి గుడ్ల గుత్తుల్ని తామెన్నడూ చూడలేదనీ రాశారు. పెద్దమనుషులు. వాళ్ళని మనసులో తిట్టుకున్న తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను, ఒక్కటి తప్ప.

డైరెక్టరు గారు కప్పని ముందు హాల్లో గాజుపెట్టెలో పెట్టించమన్నారు. పెట్టించాను. పాపం, గుడ్లు పెట్టకుండానే బురదలో పడిపోయింది. ఎవరి కంటా పడకుండా ఇన్నాళ్ళుంది. ఇప్పుడు బడిపిల్లలందరూ అద్దానికి ముక్కులు ఆనించి చూస్తున్నారు.

ఇవాళ ఫోను చేసి ముందు చెప్పింది ఆయనకి. తర్వాత అత్తయ్యకి. ఈ వరస ఆవిడకి చెప్పలేదు. ఆవిడ "హలో" అనగానే నా గొంతు విని, "ఆయనకి ముందే చెప్పావా?" అంది.

అక్టోబరు 7

నిన్న సంతకాలయ్యాయి. రిజిస్ట్రారు ముందు అత్తయ్య సాక్షి సంతకం పెట్టింది. పెళ్ళికూతురికి మీరేమవుతారని ఆయన అడిగితే, "అత్తగారిని" అంది. "అంటే, పెళ్ళికొడుకు తల్లిగారా?" "కాదు. ముందు దీనికి అత్తగారిని. ఇప్పటి నుంచి అతనికి కూడా." ఆయన కలం పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు.

ఇవాళ నేను మ్యూజియం నుంచి వచ్చేసరికి మా గదిలో చెక్కబీరువా తెరిచి ఉంది. ఆరేళ్ళుగా దాని తలుపు తీయలేదు, నేనూ, ఆవిడా. లోపల అరలన్నీ ఖాళీ. తుడిచి, కొత్త కాగితాలు పరిచింది. తన కొడుకు చొక్కాలన్నీ మడతలు పెట్టి మూట కట్టింది. పక్కన కూర్చుని ఉంది. చారల చొక్కా ఒకటి మాత్రం మూటలో లేదు, ఒళ్ళో ఉంది.

"నన్ను పిలవొచ్చు కదా" అన్నాను.

"నువ్వుంటే తెమలదు" అంది. "ఆ అబ్బాయి బట్టలెక్కడ పెట్టుకుంటాడు మరి?"

పక్కన కూర్చున్నాను. చొక్కా చేతి మీద నేనూ చెయ్యి వేశాను. గుండీ ఒకటి ఊడి ఉంది. కుడతానని ఆరేళ్ళ కిందట నేను ఆయనతో అన్న గుండీయే. ఇద్దరం ఏడ్చాం, కాని ఎక్కువసేపు కాదు. వంటింట్లో పాలు పెట్టాను కదా అని ఆవిడకే గుర్తొచ్చింది.

అక్టోబరు 8, ఆదివారం

ఆయన రెండు పెట్టెలతో, ఒక మూకుడుతో వచ్చాడు. గుమ్మంలో నిలబడి, "అమ్మా, లోపలికి..." అని మొదలెట్టాడు.

"అలా కాదు" అంది అత్తయ్య. విసురుగా కాదు, మెత్తగానే. "నన్ను అమ్మా అని పిలిచింది ఒక్కడే. అది వాడికి ఉండనీ. నువ్వు అత్తయ్యా అను."

ఆయన పెట్టెలు కింద పెట్టి, "సరే అత్తయ్యా" అన్నాడు.

అక్టోబరు 15

నిద్ర బాగా పడుతోంది. డాక్టరమ్మకి చెప్పాలి. ఇక రాయడానికి కూడా పెద్దగా ఏమీ ఉండటం లేదు. పొద్దున్నే ఆయన వంటింట్లోంచి ఉప్పు డబ్బా కనపడక "అత్తయ్యా!" అని అరిచాడు. అదే క్షణంలో నేను గదిలోంచి తువ్వాలు కనపడక "అత్తయ్యా!" అని అరిచాను.

హాల్లోంచి, "ఇద్దరూ ఒకేసారి అరిస్తే ఏ లైను కలపనే?" అని వినపడింది. కసిరినట్టే అంది. కాని ఆ గొంతు నాకు తెలుసు, అందులో ఎక్కడా కసురు లేదు.